కిటికీ వైపు పడిన నీడలు

తన బొమ్మ కింద బావ పేరు ఉందని చుక్క చూసి అప్పటికి నాలుగు రోజులైంది. చూసింది ఆదివారం. టౌన్ హాలు బొమ్మల పోటీ ప్రదర్శనలో, కట్టిన తాడుకి అవతల, మనిషెత్తుకి పైన, తను నూనె రంగుల్లో వేసిన వాళ్ళింటి మధ్య గది వేలాడుతోంది. కింద అట్టముక్క మీద డ్రాయింగ్ మాస్టారి పేరు. పక్కన ఎర్రసిరాతో ‘మొదటి ఎంపిక’ అని రాసి ఉంది. ఆ డ్రాయింగ్ మాస్టారు సాక్షాత్తూ అక్క మొగుడు. నూనె రంగు ఆరడానికి దుమ్ములేని చోటు కావాలని బొమ్మని వాళ్ళింట్లో నలభై రోజులు ఉంచింది చుక్కే. ఆరాక టౌన్ హాలులో ఇచ్చి రమ్మని బావని బతిమాలిందీ చుక్కే. దొంగ చేతికి తాళమిచ్చినట్టయింది. సోమవారం ఆమె, బొమ్మ తనదని టౌన్ హాలులో అర్జీ రాసి ఇచ్చింది. మంగళవారం అక్క వచ్చి, అర్జీ వెనక్కి తీసుకోమని ఏడ్చింది. బుధవారం కబురు వచ్చింది: రేపు పదకొండింటికి అందరూ రండి, బొమ్మలు ఎంపిక చేసిన పెద్ద మేడం మాట్లాడతారు.

ఆ రేపు రానే వచ్చింది.

టౌన్ హాలు వరండాలో ఒకటే బెంచీ. ఆ చివర బావ, అక్క. ఈ చివర నాన్న, చుక్క. మధ్యలో ఇద్దరు మనుషులు కూర్చునేంత ఖాళీ. ఫైళ్ళు పట్టుకుని లోపలికి పోతున్న గుమాస్తా ఆ ఖాళీ చూసి, “ఇంకా ఎవరైనా రావాలా?” అని అడిగాడు.

నాన్న బోర్డుల మేస్త్రి. ఊళ్ళో జనం తలరాతలు ఎవరు రాశారో గానీ, దుకాణాల రాతలు మాత్రం సగానికి సగం ఆయనవే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని పెద్దమనిషిలా వచ్చాడు. కుడి చెవి మీద దోపుకున్న సన్న కుంచె సంగతి మాత్రం మరిచిపోయాడు. చుక్క చూసి కూడా చెప్పలేదు. అది లేకపోతే ఆయన మరెవరో అనిపిస్తుంది.

చుక్క అనేది ఆమె అసలు పేరు కాదు. ఆరేళ్ళప్పుడు షెడ్డులో అల్లరి చేస్తోందని నాన్న ఒక కుంచె చేతికిచ్చి, బోర్డుల మీద చుక్కలు పెట్టే పని అప్పజెప్పాడు. పదేళ్ళకి అంచు గీతలు, పన్నెండేళ్ళకి నాన్న గీసిన అక్షరాల్లో రంగు నింపడం చేతికొచ్చాయి. ఇప్పుడు ఇరవై రెండు నిండాయి. బోర్డు మొత్తం ఒక్కతే రాస్తుంది. పేరు మాత్రం చుక్క దగ్గరే ఆగిపోయింది.

బావ లేచి వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు.

“మామయ్యగారూ, ఇంకా మించిపోయింది లేదు. లోపలికి పోకముందే మనలో మనం తేల్చుకుంటే నలుగురిలో నవ్వులపాలు కాకుండా ఉంటాం.”

“నవ్వేవాళ్ళు ఆదివారమే నవ్వేశారు అల్లుడుగారూ,” అన్నాడు నాన్న. “ఇంక నవ్వడానికి మిగిలింది మనమే.”

“నేనేమైనా దురుద్దేశంతో చేశానా? ఫారంలో వృత్తి అని ఒక గడి ఉంది. ‘బోర్డులు రాయడం’ అని రాస్తే ఆ బొమ్మని గుమ్మం దాటనిచ్చేవాళ్ళా? ‘డ్రాయింగ్ మాస్టారు’ అని రాశాను కాబట్టి దాటింది. గోడెక్కింది.”

“గోడెక్కింది బొమ్మ,” అంది చుక్క. “దాని కిందకి నువ్వెలా ఎక్కావు బావా?”

“రంగులు కొన్నదెవరు? కాన్వాసు తెచ్చిందెవరు? నూనె రంగంటే ఏమిటో, ముందు పల్చగా, తర్వాత చిక్కగా వేయాలని నీకు చెప్పిందెవరు?”

“నువ్వే.”

“మరి?”

“పిండి కొనిచ్చినవాడే రొట్టె నేను కాల్చానంటే, పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నవాళ్ళు ఎక్కడికి పోవాలి?”

నాన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బెంచీ ఆ చివర నుంచి అక్క, “గొంతులు తగ్గించండి, అవతల జనం వింటున్నారు,” అంది. చుక్క వైపు చూడకుండానే అంది.

బావకి ఆ పేరు ఎందుకు కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చే నెలలో స్కూల్లో పెద్ద మాస్టారి ఉద్యోగం ఎవరికన్నది తేలుతుంది. టౌన్ హాలు గోడ మీద పేరున్నవాణ్ణి కాదని ఇంకొకరికి ఎలా ఇస్తారు? చుక్కకి కావలసింది వేరు. మొదటి ఎంపికైన మనిషికి పెద్ద మేడం దగ్గర ఏడాది చదువు. ఉండటానికి గది, వేసుకోవడానికి రంగులు, ఎక్కడ తప్పిందో చెప్పడానికి గురువు. బోర్డుల షెడ్డులో పుట్టిన పిల్లకి అలాంటి ఏడాది మళ్ళీ ఎదురుపడదు. బావకి ఆ చదువు అక్కర్లేదు. వీలుపడదని రాసి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. అంటే ఆమె ప్రాణం పెట్టుకున్నదాన్ని అతను చెత్తబుట్టలో వేయబోతున్నాడు.

గుమాస్తా తలుపు సందులోంచి తల పెట్టి పిలిచాడు.

పెద్ద మేడం పొట్టి మనిషి. తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. ముప్ఫై ఏళ్ళు బొమ్మల కాలేజీలో చెప్పి రిటైరైంది గానీ, మాటల్లో మాత్రం రిటైరు కాలేదు. గదిలో పొడుగాటి బల్ల. ఎడమ పక్క పెద్ద కిటికీ. గోడ మీద నుంచి దింపిన బొమ్మ గది ఆ చివర కుర్చీలో, గోడకి ఆనించి ఉంది. దూరంగానే అయినా, దాన్ని చూడగానే చుక్కకి, తప్పిపోయిన పిల్ల పరాయివాళ్ళ గుమ్మంలో కనిపించినట్టయింది.

“కూర్చోండి,” అంది మేడం. “ఏడుపులు, ఒట్లు నాకొద్దు. ఎవరు కొన్నారు, ఎవరు మోశారు అన్న పురాణం కూడా వద్దు. ముందు ఇద్దరూ ఒక పని చేయండి.”

గుమాస్తా ఇద్దరికీ చెరో కాగితం, చెరో పెన్సిలూ ఇచ్చాడు. మేడం తను తాగేసిన టీ కప్పుని బల్ల మధ్యలోకి తోసింది.

“ఈ కప్పుని గీయండి. వెలుగునీడలతో. ఐదు నిమిషాలు. ఒకరిది ఒకరు చూడొద్దు.”

“ఇదేం పరీక్ష మేడం? మా ఆరో తరగతి పిల్లలు వేస్తారు,” అన్నాడు బావ నవ్వుతూ.

“వేస్తారు కదా. మీరూ వేయండి.”

ఐదు నిమిషాలూ పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. పిల్ల చేతికి పెన్సిల్ కన్నా కుంచె అలవాటని చెప్పాలని ఆయన బాధ. అక్క గోడ పక్కనున్న బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేడం రెండు కాగితాలూ తీసుకుంది, చూసింది, బోర్లించి పక్కన పెట్టింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

“మాస్టారూ, ముందు మీరు చెప్పండి. ఇది ఏం బొమ్మ?”

నిజం చెప్పాలంటే బావ బాగా చెప్పాడు. రోజూ నలభైమంది పిల్లల ముందు మాట్లాడే మనిషి, తడుముకోవాల్సిన అవసరం లేదు. ఎడమ వైపు కిటికీ, దాని కింద కుట్టు మిషను, మధ్యలో బల్ల, బల్ల మీద కప్పు, వెనక్కి జరిపిన కుర్చీ, కుడి పక్క తలుపు సగం తెరిచిన బీరువాలో గుడ్డల చుట్టలు, వెనకాల వంటింటి గుమ్మంలోంచి పొయ్యి మూల. బొమ్మలో మనిషి లేడు, అయినా ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుంది. ఆ లేచి వెళ్ళినావిడ తన అత్తగారేనని, రెండేళ్ళ కిందట కన్నుమూసిందని, కష్టజీవి అని, ఆమె లేని గదిని చూపించి ఆమెని చూపించడమే ఈ బొమ్మ ఉద్దేశమని చెప్పాడు. గోడ రంగులోని పసుపు గురించి చెప్పాడు. కుర్చీ కోణం గురించి చెప్పాడు. తన బొమ్మ గురించి తనకి తెలియని సంగతులు చుక్క నాలుగైదు వింది. ఆమె వేసింది ఎందుకంటే, వానాకాలం బోర్డుల పని లేదు. అమ్మ మిషను మీద దుమ్ము పేరుకుంటోంది. అది తుడిచి, దాని ఎదురుగా కూర్చుని, కనిపించింది కనిపించినట్టు వేసింది. అంతకు మించి ఎవరడిగినా చెప్పలేదు.

“బాగుంది,” అంది మేడం. “ఒక్క సందేహం. కిటికీ ఎటుంది?”

“ఎడమ వైపు.”

“వెలుతురు ఎటు నుంచి వస్తోంది?”

“కిటికీలోంచే.”

“మరి నీడలు ఎటు పడ్డాయి?”

గదిలో అందరి తలలూ బొమ్మ వైపు తిరిగాయి. చుక్క కూడా చూసింది. చూసి, ఎత్తు మీద నుంచి కాలు జారినట్టు ఉలిక్కిపడింది. కప్పు నీడ ఎడమకి పడింది. కుర్చీ నీడ ఎడమకి. బల్ల కాళ్ళ నీడలు, మిషను చక్రం నీడ, చివరికి గోడకి కొట్టిన మేకు నీడ కూడా ఎడమకే. అన్నీ వరసగా వెలుతురు వచ్చే వైపే, కిటికీ వైపే పడి ఉన్నాయి. రెండున్నర నెలలు వేసిన బొమ్మ, రోజుకి వందసార్లు చూసిన బొమ్మ. ఒక్కసారీ కంటబడలేదు.

బావ రెప్పపాటు తడబడ్డాడు. అంతే. వెంటనే తేరుకున్నాడు.

“అది కావాలని చేసిందే మేడం. జ్ఞాపకంలో వెలుతురు మామూలు వెలుతురులా నడవదు. ఆ ఇంట్లోని వస్తువులన్నీ వెళ్ళిపోయిన మనిషి కోసం వెలుగు వైపు చేతులు చాస్తున్నాయి. ఆ నీడలే ఆ చేతులు.”

మేడం బల్ల మీదున్న ఒక చీటీ తీసింది.

“తక్కువేం కాదు. నాతో పాటు బొమ్మలు ఎంపిక చేసిన మిగతా ఇద్దరూ కూడా ఇంచుమించు ఇదే రాశారు. ‘నీడల్ని తిప్పి వేయడం సాహసోపేతమైన ప్రయోగం.’ మొదటి ఎంపిక అయింది దీని వల్లే.”

బావ ముఖం విప్పారింది. నాన్న ముఖం ముడుచుకుంది. మేడం చుక్క వైపు తిరిగింది.

“అమ్మాయ్, ఇప్పుడు నువ్వు చెప్పు. నీడలు అలా ఎందుకు పెట్టావు?”

చుక్క మళ్ళీ బొమ్మ వైపు చూసింది. బావ చెప్పిందే తనూ చెప్పొచ్చు. ప్రయోగమని అంటే చాలు. ఇద్దరు పెద్దవాళ్ళు మెచ్చుకున్న సంగతి, దాని వల్లే ఎంపికైన సంగతి. తప్పని ఒప్పుకుంటే ఆ ఎంపికే ఊడిపోవచ్చు. ఊడితే ఏడాది చదువూ పోతుంది. చెబుదామనే నోరు తెరిచింది. కానీ ఆ చేతులు చాచే మాట ఆమె నోట పట్టలేదు.

“తప్పండి,” అంది.

“ఏది?”

“నీడలు. అన్నీ తప్పే. కుడికి పడాలి. నేను... మీరడిగేదాకా చూసుకోలేదండి. చెయ్యి అటే పోయింది.”

“ఎందుకు పోయింది?”

“బోర్డుల మీద ఎప్పుడూ అటే వేస్తాం కాబట్టి.”

నాన్న ఇంక ఆగలేకపోయాడు. “తప్పంటావేమే! తప్పు కాదు మేడం, అది మా షెడ్డు లెక్క. అక్షరానికి షేడు కొట్టేటప్పుడు ఎడమకి, కిందికి. ఎండ ఎటున్నా సరే, దుకాణం ఎటు తిరిగున్నా సరే, షేడు మాత్రం ఎడమ కిందకే. మా తాత నుంచీ అంతే. కుడికి కొడితే అక్షరం వంకరపోయినట్టు ఉంటుంది. పన్నెండేళ్ళప్పటి నుంచి ఈ పిల్ల చేత అలాగే కొట్టిస్తున్నాను. తప్పుంటే నాది.”

“అయితే మీ ఇంట్లో సూర్యుడు కూడా బోర్డుల షెడ్డులోనే పనిచేస్తాడన్నమాట,” అంది మేడం.

“మూడు తరాలుగా చేస్తున్నాడండి. ఒక్కరోజూ సెలవు అడగలేదు.”

గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. మేడం నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడింది.

“చూశారా మేడం,” బావ ముందుకి వంగాడు. “సొంత బొమ్మని పట్టుకుని ఎవరైనా తప్పంటారా? ఇది తనది కాదు కాబట్టే అంత తేలిగ్గా అనేసింది. నేను ప్రాణం పెట్టి వేశాను కాబట్టి నిలబడి సమర్థించుకుంటున్నాను.”

మేడం బోర్లించిన కాగితాలు తీసి, తిప్పి, పక్కపక్కనే పెట్టింది.

“ఇది మీరు గీసిన కప్పు మాస్టారూ. చక్కగా ఉంది. ఈ గదిలో కిటికీ ఎడమన ఉంది. నీడ కుడికి వేశారు. ఎక్కడా ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్నారు కదా. ఇక ఇది ఈ అమ్మాయి కప్పు.”

చుక్క కాగితం మీద కప్పు ముద్దుగానే ఉంది. నీడ మాత్రం ఎడమకి, కిందకి. ఎదురుగా నిజం కప్పు నీడ కుడికి పడి కనిపిస్తుండగా, దాన్ని చూస్తూ చూస్తూనే ఎడమకి వేసింది. తన కాగితం చూసుకుని ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

“నీడల ఊసు ఎత్తక ముందే మీరిద్దరూ ఇవి గీశారు,” అంది మేడం. “అర్జీ చూసినప్పటి నుంచి నేను ఆలోచిస్తున్నాను. ప్రయోగం చేసేవాడు ఒకటో రెండో తిప్పుతాడు. మేకు నీడ కూడా తిప్పాడంటే అది ప్రయోగం కాదు, అలవాటు. అలాంటి అలవాటు డ్రాయింగ్ మాస్టారికి ఎలా వస్తుంది? మాస్టారూ, మీ చెయ్యి సరైన చెయ్యి. మీకొచ్చిన చిక్కే అది.”

బావ జేబులోంచి రుమాలు తీశాడు. ముఖం తుడుచుకోకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“రంగులు నేను కొన్నమాట నిజం,” అన్నాడు చివరికి. గొంతు చాలా తగ్గింది.

“కొన్నారు. ఆ మాట నేను కాదనను. కావాలంటే అట్టముక్క వెనకాల రాయిస్తాను.”

నాన్న లేచి నిలబడ్డాడు. చేతులెలా పెట్టుకోవాలో తెలియక చెవి తడుముకున్నాడు. కుంచె చేతికి తగిలింది. తీసి, దాన్ని ఎన్నడూ చూడనట్టు చూసి, గబగబా జేబులో దాచేశాడు.

“మేడం, మరి తప్పని తేలింది కదా. ఎంపిక ఉంటుందా, పోతుందా?”

“మిగతా ఇద్దరికీ చెప్పాలి. సాహసం అని రాసినందుకు కొంచెం ఉడుక్కుంటారు. ఉడుక్కోనీ. గది గదిలా ఉంది, అది చాలు నాకు. నీడలు తెలియవు అంటారా, తెలిస్తే నా దగ్గరికి రావడమెందుకు? సోమవారం నుంచి రమ్మనండి.” మేడం గుమాస్తా వైపు తిరిగింది. “కొత్త అట్టముక్క రాయి. ఆ కాగితం కూడా తీసుకురా.”

చుక్కకి ఏడుపు రాలేదు. వస్తుందనుకుంది, రాలేదు. అక్క ఏమనుకుంటోందో చూడాలని వెనక్కి తిరిగింది. అక్క తలొంచుకుని సంచి పట్టీని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

గుమాస్తా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ‘ఈ బొమ్మ మొత్తం నేనే వేశాను. ఇందులో మరొకరి చెయ్యి లేదని ధ్రువీకరిస్తున్నాను. ఉందని తేలితే ఎంపిక రద్దు.’ కింద సంతకానికి గీత. పోయిన నెల ఇలాంటి కాగితం మీదే మాస్టారు సంతకం పెట్టాడని గుమాస్తా ఎవరికీ చెప్పనట్టుగా అందరికీ చెప్పాడు. తర్వాత బొమ్మని కుర్చీలోంచి ఎత్తి తెచ్చి, బల్ల మీద వెల్లకిలా పరిచాడు. వెనక చీటీ అంటించే ముందు ఒకసారి సరిచూడాలట.

చుక్క పెన్ను తీసుకుంది. బొమ్మ ఇప్పుడు ఆమెకి జానెడు దూరంలో ఉంది. బావ ఇంటికి పంపిన రోజు తర్వాత ఇంత దగ్గరగా చూడటం ఇదే. మేడం భూతద్దం పట్టుకుని మిషను మీదకి వంగింది.

“ఒక్కచోట మాత్రం నీ చెయ్యి షెడ్డు లెక్క మరిచిపోయింది అమ్మాయ్. ఇది మాత్రం భలే వేశావు.”

“ఏది మేడం?”

“ఈ కళ్ళజోడు.”

చుక్క వంగి చూసింది. మిషను పలక మీద, చక్రం పక్కన, బొటనవేలి గోరంత కళ్ళజోడు, మడిచి పెట్టి ఉంది. కుడి కాడ మొదట్లో నల్లదారం చుట్టి ఉంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు అద్దంలో దూరి, అవతల కుడి పక్కన చెక్క మీద పడింది. నీడ మధ్యలో ఆవగింజంత వెలుగు. గాజులోంచి వచ్చిన వెలుగు అలా నీడలో కూర్చుంటుందని చుక్కకి అంతవరకూ తెలియదు. తెలిసినా, అలా వేయడం ఆమెకి రాదు.

అది అమ్మ కళ్ళజోడు. స్క్రూ ఊడిపోతే అమ్మే మిషను దారంతో కట్టుకుంది. కొత్తది కొనుక్కోమంటే, కళ్ళు పాతవే కదా అనేది. ఆవిడ పోయాక ఇల్లంతా వెతికినా అది దొరకలేదు. చుక్క ఎదురుగా ఉన్నవే వేసింది. లేని కళ్ళజోడు ఆమె వేయలేదు.

గుమాస్తా సంతకం చోటు వేలితో చూపించాడు. “ఇక్కడమ్మా.”

ఎవరికీ అనుమానం లేదు. మేడమే నీదని అనేసింది. ఊ కొడితే చాలు. గీత మీద పేరు రాస్తే సోమవారం నుంచి చదువు. పెన్ను ములికి కాగితాన్ని తాకి, సిరా చిన్న మచ్చ కట్టింది.

చుక్క పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“ఇది నాది కాదండి.”

“చుక్కా!” నాన్న దాదాపు అరిచాడు. “ఏం మాట్లాడుతున్నావే? నోటి దాకా వచ్చిన ముద్ద...”

“నాది కాదు నాన్నా. నేను వేయలేదు. నువ్వే చూడు.”

నాన్న వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. దారం కట్టిన చోట వేలు పెట్టబోయి, రంగు మీద చెయ్యి పడకూడదని గుర్తొచ్చి, గాల్లోనే ఆపేశాడు.

“మీ అమ్మది,” అన్నాడు.

మేడం బావ వైపు చూసింది. “మీరా?”

ఇంతసేపూ లేని హక్కు కోసం కొట్లాడిన బావకి, ఔనని ఒక్క మాట అంటే బొమ్మలో కాస్త వాటా దొరికేది. అనలేదు. బొమ్మ వైపు చూడనైనా లేదు. గోడ పక్కనున్న బెంచీ వైపు చూశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. భయం ఉంది.

మేడం మళ్ళీ భూతద్దం ఆనించింది. ఈసారి తొందరపడలేదు. కళ్ళజోడుని, దాని నీడని, ఆ నీడలోని వెలుగుని విడివిడిగా చూసింది. బావ గీసిన కప్పు కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది.

“ఈ చెయ్యి నాకు తెలుసు,” అంది. “గాజులోంచి వెలుతురుని ఇలా దింపిన చెయ్యిని ఈ ఊళ్ళో ఒక్కసారే చూశాను. మూడేళ్ళ కిందట మీకు బహుమతి వచ్చిన బొమ్మలో, మాస్టారూ. అందులో నీళ్ళ గ్లాసు ఉంది. ఇవాళ మీరు గీసిన కప్పుకి, ఆ గ్లాసుకి చుట్టరికం కనిపించడం లేదు.” తల తిప్పకుండానే గుమాస్తాకి చెప్పింది. “మెట్ల దగ్గరున్న ఆ బొమ్మ దింపి తీసుకురా.”

“ఇప్పుడదెందుకు మేడం?” బావ సగం లేచాడు. “అది వేరే సంగతి. మూడేళ్ళ నాటిది. దానికీ దీనికీ...”

గుమాస్తా స్టూలు చంకన పెట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు.

“దాన్ని దింపక్కర్లేదండి.”

ఆ గొంతు ఎవరిదో తెలియక గుమాస్తా వెనక్కి తిరిగి చూశాడు. ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఆ గొంతు వినబడలేదు మరి. అక్క ఒళ్ళోని సంచి బెంచీ మీద పెట్టి లేచి నిలబడింది.

“ఆ గ్లాసూ, ఈ కళ్ళజోడూ ఎవరి చెయ్యో దింపకుండానే చెబుతాను,” అంది. “అడగండి.”

“నువ్వు కూర్చో,” అన్నాడు బావ.

అక్క కూర్చోలేదు.